పగలు రంపం, రాత్రి వేషం

బ్రిటన్‌లోని చిన్న టూరింగ్ నాటక కంపెనీల్లో నలుగురైదుగురే నటులు ఉంటారు. వ్యాను నడిపేదీ, సెట్టు దించి బిగించేదీ, రాత్రి వేషం కట్టేదీ, ఆట అయ్యాక మళ్ళీ విప్పి వ్యానుకెత్తేదీ వాళ్ళే. మనవైపు నుంచి వచ్చిన నటుడికి వడ్రంగం కూడా చేతనైతే అలాంటి కంపెనీలకు అతను బాగా పనికొస్తాడు. కడప జిల్లా సురభిలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం తీరు తెలిసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. అక్కడా వేషం కట్టే కుటుంబమే తెరలూ సెట్లూ చూసుకుంటుంది. కాకపోతే సురభివాళ్ళు ఒక ఊళ్ళో మకాం వేస్తే నెలల తరబడి ఆడేవారు. ఇక్కడ చాలా ఊళ్ళలో ఒక్క రాత్రే. అందుకే సెట్టు కట్టేటప్పుడే దాన్ని ఎంత తొందరగా విప్పగలమో ఆలోచించి కట్టాలి.

గోడ అంటే ఇక్కడ ఫ్లాట్. 8 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు. 3 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పైన్ బద్దలతో చట్రం, దాని మీద 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్. బరువు 12, 13 కిలోలు ఉంటుంది, ఒక్కరే మోయగలరు. ప్లైవుడ్‌కు బదులు కాన్వాస్ గుడ్డ బిగిస్తే ఇంకా తేలిక. కానీ వ్యానులో ఏ మూలో గుచ్చుకుని చిరిగితే, ఆ మాటు లైట్ల కింద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తలుపులు వేసీ తీసే నాటకానికి ప్లైవుడ్డే మేలు. ఏది వాడినా మంట అంటుకోకుండా మందు పూయాలి, పూసినట్టు కాగితం ఫైల్లో ఉండాలి. అది లేకపోతే సెట్టును వేదిక మీదికి రానివ్వరు.

కొత్తవాళ్ళు మొదట తప్పు చేసేది స్క్రూల దగ్గర. మెత్తటి పైన్ చెక్కలో ఒకే రంధ్రంలో పదిసార్లు స్క్రూ బిగించి విప్పితే పట్టు పోతుంది. నలభై ఆటల టూరైతే రెండో వారానికల్లా గోడ ఊగడం మొదలెడుతుంది. అగ్గిపుల్లలు విరిచి జిగురుతో రంధ్రంలో దూరిస్తే ఆ రాత్రి గడుస్తుంది, అంతే. రోజూ విప్పే చోట పిన్ను ఊడివచ్చే బందు పెట్టాలి, బరువు పడే చోట పది మిల్లీమీటర్ల బోల్టూ రెక్కల నట్టూ పెట్టాలి. బందులో సగం ఈ ఫ్లాట్‌కు, సగం ఆ ఫ్లాట్‌కు ఎప్పటికీ బిగించే ఉంటాయి. పిన్ను దూరిస్తే రెండూ కలిసి గోడ, లాగేస్తే వేటికవే. ఒక్కో అతుకుకు మూడు బందులు చాలు. పిన్నుకు జానెడు తాడు కట్టి ఫ్లాట్‌కే వేలాడదీయాలి, లేకపోతే చీకట్లో ఎక్కడో పడిపోతుంది. పోయిన రోజున అంతే లావున్న ఇనుప తీగ ముక్క వంచి దూర్చుకోవచ్చు.

గోడ వెనక మూడు మూలల చెక్క చట్రం ఒకటి బందుల మీద తిరుగుతుంది. దాన్ని ఫ్రెంచ్ బ్రేస్ అంటారు. ఫ్లాట్‌కు లంబంగా తెరిచి, దాని కాలి మీద పన్నెండున్నర కిలోల ఇనుప దిమ్మ పెడితే గోడ నిలబడుతుంది. తలుపున్న ఫ్లాట్‌కు మాత్రం ద్వారానికి రెండు వైపులా బ్రేసులు ఉండాలి. గడప దగ్గర చట్రం తెగిపోతుంది కాబట్టి, అడుగున ఒక చదునైన ఇనుప పట్టీ కూడా బిగించాలి. ఈ పట్టీ మరిచిపోతే కోపంతో తలుపు ధడాలున వేసే సన్నివేశంలో మొత్తం గోడే వణుకుతుంది, నటుడు ఎంత బాగా చేసినా ప్రేక్షకుల కళ్ళు ఆ గోడ మీదికే పోతాయి.

పాత థియేటర్లలో వేదిక వెనక ఎత్తుగా, ముందుకు వాలుగా ఉంటుంది. వెనకభాగాన్ని అప్‌స్టేజ్ అనడం ఆ వాలు వల్లే. 24కు 1 వాలు అంటే చూడ్డానికి ఏమీ అనిపించదు. కానీ ముందు నుంచి వెనక్కి నిలబెట్టిన 4 అడుగుల ఫ్లాట్ కింద, ముందువైపు సరిగ్గా 2 అంగుళాల సందు వస్తుంది. ఆ కొలతకు కోసిన చీలికలు నాలుగు జతలు ముందే పెట్టెలో ఉండాలి. చక్రాలున్న బల్లకు అడ్డు పెట్టకపోతే ప్రేక్షకుల వైపు జారుతుంది. తలుపుకు గట్టి గొళ్ళెం లేకపోతే తనంతట తానే తెరుచుకుంటుంది. పల్లెల్లోని హాళ్ళలో వాలు ఉండదు గానీ కప్పు తక్కువ ఎత్తు. 8 అడుగుల ఫ్లాట్ లోపలికి వచ్చే దారిలో వసారా మలుపు ఎంత ఇరుకో ముందే ఫోన్‌లో అడగాలి. వేదిక కొలతలు అందరూ పంపుతారు, ఆ మలుపు కొలత అడిగితేగానీ చెప్పరు.

వ్యాను దగ్గర లెక్క ఇంకా కఠినం. వ్యానూ సరుకూ మనుషులూ కలిపి మూడున్నర టన్నులు దాటకూడదు. వెనక లిఫ్టున్న పెట్టె వ్యానులో సరుకుకు మిగిలేది సుమారు వెయ్యి కిలోలు, ఒక్కోసారి ఇంకా తక్కువ. 16 ఇనుప దిమ్మలంటేనే 200 కిలోలు. ఆ ఊరి థియేటర్లో దిమ్మలుంటే మనవి మోసుకెళ్ళక్కర్లేదు. ఫ్లాట్లను పొడవాటి అంచు మీద నిలబెట్టి, రంగు ముఖాన్ని రంగు ముఖానికి ఆనించి, పట్టీలతో బిగించాలి. నడపడానికి మన లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది.

ఆట 7:30కి మొదలైతే, అరగంటే ఉందని నటులను హెచ్చరించే 'హాఫ్' పిలుపు 6:55కి వస్తుంది, అరగంటకు మరో 5 నిమిషాలు ముందన్నమాట. 7:25కి మొదటి సన్నివేశం వాళ్ళు వేదిక పక్కనుండే మరుగులో, అంటే వింగ్స్‌లో, ఉండాలి. ఉదయం 10కి దించడం మొదలుపెడితే 1 గంటకు గోడలు లేవాలి. కోత పని మధ్యాహ్నంలోపే ముగించాలి. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) పొడి గొంతులోకి పోతే రాత్రి మాట పెగలదు. మంచి మాస్కు కట్టుకున్నా వేదిక మీద కోయకూడదు, బయటే కోయాలి. వేడి అన్నం ఐదున్నరలోపు తినేయాలి, చిన్న రైస్ కుక్కర్ మోసుకెళ్ళినవాళ్ళు సుఖపడతారు. ఎవరైనా 'హెడ్స్!' అని అరిస్తే పైనుంచి ఏదో పడుతోందని అర్థం. తల పైకెత్తి చూడటం మన అలవాటు. చూడకూడదు, తల కాపాడుకుని పక్కకు తప్పుకోవాలి.

ఒప్పందంలో నటన, సెట్టు పని విడివిడిగా రాయించుకోవాలి. ఒక్క 'నటుడు' అనే మాటే రాస్తే పగటి గంటలన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి. కళాకారులకు ఇచ్చే క్రియేటివ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేసే సంస్థ ముందే ఉండాలి కాబట్టి, ఈ మాట అడగాల్సింది వీసాకు ముందే. నటుల సంఘం ఈక్విటీ 1930 నుంచీ ఉంది, చేరితే కాగితం చదివి చెప్పే మనిషి దొరుకుతారు. 1998 నాటి పనిగంటల నిబంధనల ప్రకారం రెండు పనిదినాల మధ్య 11 గంటల విరామం ఉండాలి. రాత్రి 12కి వ్యాను తలుపు వేస్తే మర్నాడు 11కు ముందు పని మొదలుపెట్టకూడదు. 10 గంటలకే తర్వాతి ఊరి థియేటర్ తెరుస్తారంటే, ఈ రాత్రి 11కల్లా సెట్టు వ్యానులో ఉండాలి. ఆట 9:40కి ముగిస్తే చేతిలో ఉన్నది 80 నిమిషాలు. ముందు వేషం తీసి, ఇనుప ముక్కున్న బూట్లు తొడుక్కుని, దిమ్మలు పక్కకు తీసి, ఒకరు ఫ్లాట్ పట్టుకున్నాకే రెండోవారు పిన్నులు లాగాలి.