ఆ బిడ్డ బతికిందా?

మొన్న రాత్రి కావలిలో చెల్లిని కాన్పుకి చేర్చి బయట బెంచీ మీద కూర్చున్నాం. ఒకటే టెన్షన్. ఫోన్ తెరిస్తే ఉక్రెయిన్‌లోని మరియుపోల్ ఊరి ఫొటో మళ్లీ కనపడింది. 2022 మార్చి 9న రష్యా అక్కడి ప్రసూతి ఆసుపత్రి మీద బాంబు వేసింది. స్ట్రెచర్ మీద నిండు గర్భిణి. కింద నల్లచుక్కల ఎర్ర దుప్పటి. ఆమె చెయ్యి మాత్రం పొత్తికడుపుని వదల్లేదు.

అమ్మ తొంగిచూసి, "ఆ బిడ్డ బతికిందా నాయనా?" అంది. తల్లీబిడ్డా ఇద్దరూ పోయారని అప్పుడెలా చెప్పను?

అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు ఎవ్‌గెనీ మలోలెట్కా, మిస్టిస్లావ్ చెర్నోవ్ సైన్యం చుట్టుముట్టిన ఆ ఊళ్లో 20 రోజులున్నారు. ఫోన్లు పనిచెయ్యవు. ఎక్కడ సిగ్నల్ దొరికితే అక్కడ నిలబడి ఆ దృశ్యాలు పంపారు. అయినా రష్యా అధికారులు అదంతా నాటకమన్నారు. కడుపు పట్టుకున్న ఆ చెయ్యి నాటకమా? నాకు ఇప్పటికీ కోపం ఆగదు. వాళ్లిద్దరూ లేకపోతే ఆ మాటే చెల్లిపోయేది.

తెల్లవారుజామున లోపల్నుంచి ఏడుపు వినపడింది. ఆడపిల్ల. అమ్మ దణ్ణం పెట్టుకుని, కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఇందాకటి ఆ పిల్ల సంగతి చెప్పలేదే?"

అప్పుడు చెప్పాను.