చెవి అంచున ఒక్క చుక్క

మా జెర్సీ క్రాస్ ఆవుకి మూడు రోజులుగా 105 డిగ్రీల జ్వరం. సూది వేయిస్తే పొద్దున తగ్గేది, సాయంత్రానికి మళ్ళీ మామూలే. పూటకి ఆరు లీటర్లిచ్చేది రెండుకి పడిపోయింది. అమ్మ దిష్టి కూడా తీసింది.

నాలుగో రోజు వచ్చిన డాక్టరమ్మ ముందు భుజం దగ్గర తడిమారు. నిమ్మకాయంత బిళ్ళ! రోజూ పాలు పితికే నా చేతికి అది తగల్లేదంటే ఏమనాలి? చెవి అంచున గుచ్చి, ఒక్క రక్తపు చుక్కని గాజు స్లైడు మీద సన్నగా పరిచి, ఆరబెట్టి పట్టుకెళ్ళారు. జీమ్సా రంగు వేశాక మైక్రోస్కోపులో నన్నూ చూడనిచ్చారు. లేత గులాబీ కణాల్లో ఊదా చుక్కలు, కొన్ని ఉంగరాల్లా, కొన్ని కామాల్లా. థైలేరియా అనే పరాన్నజీవి. పిడుదులు అంటించేది.

"మూత్రం కాఫీ రంగులో ఉందంటే ముందు బబేసియా అనే ఇంకో పిడుదుల జబ్బునే అనుమానిస్తాం బాబూ" అన్నారు. రక్తంలో పరాన్నజీవులు మరీ తక్కువుంటే స్లైడులో దొరకవట, వాటి డీఎన్ఏని వెతికే పీసీఆర్ పరీక్ష చేయించాలట.

బూపార్వాక్వోన్ ఇంజెక్షన్ మెడ కండకి వేశారు. రెండు రోజులకి నెమరు వేసింది, అప్పుడు తగ్గింది నా టెన్షన్.

ఇప్పుడు పాలు పితికే ముందు చెవుల్లో, పొదుగు సందుల్లో వెతుకుతున్నా. నిన్న తోక కింద ఏడు పిడుదులు దొరికాయి.