వాలుగ దవడ

నాన్న షష్టిపూర్తికి విశాఖలో ఒక షాపులో పంచె కొన్నాను. మా ఊరి పేరే, పొందూరు ఖద్దరు అని రాసి ఉంది, పెట్టె మీద రాట్నం బొమ్మ కూడా ఉంది. నాన్న కట్టుకుని బాగుందమ్మా అన్నాడు. సాయంత్రం మా మేనత్త వచ్చి, పంచె కొసని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది మన్ది కాదే గుంటా. మిల్లు నూలు."

నాన్న తల వంచుకున్నాడు. ఆయనకి పొద్దున్నే తెలుసు. వాళ్లమ్మ రాట్నం పక్కన నిద్రపోయి పెరిగిన మనిషి. నేను బాధపడతానని ఊరుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి ఆదివారం రైలెక్కి పొందూరులో దిగాను. అత్త అరుగు మీద కూర్చుని పత్తి దువ్వుతోంది. చిన్నప్పుడు వందసార్లు చూసినదే, కానీ పక్కన కూర్చుని చూసింది ఇదే మొదటిసారి. చేతిలో వాలుగ చేప దవడ ఎముక. అర్ధచంద్రంలా వంగి ఉంది, దాని నిండా సూదిమొనల్లాంటి సన్నని పళ్లు, వేలితో తాకితే గరుగ్గా తగులుతాయి. గింజ తీయని కొండపత్తిని ఎడంచేత్తో పట్టుకుని, ఆ పళ్లతో మెల్లగా లాగుతుంది. నలుసులు రాలిపోతాయి, పోగులన్నీ ఒకే వైపుకి తిరుగుతాయి. గింజ చుట్టూ దూది పట్టుకుచ్చులా నిలబడుతుంది. ఇనప దువ్వెన పెట్టొచ్చు కదా అని అడిగాను. "తెగిపోద్దే" అంది.

దువ్విన తర్వాత పలక మీద పెట్టి ఇనప కడ్డీతో గింజ తీయాలి, వింటితో ఏకాలి, ఏకులు, అంటే వడకడానికి దూది వత్తులు, చుట్టాలి. ఆ ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో దాచుకుని వడుకుతారు, చెమట చెయ్యి తగిలితే పాడవుతాయని. అప్పుడు గానీ రాట్నం దగ్గరికి రారు. ఇక్కడ 100 కౌంటు నూలు చేత్తో వడుకుతారు, కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నం. లెక్క ప్రకారం ఒక పౌండు (సుమారు 450 గ్రాముల) దూదిలోంచి 84 వేల గజాల దారం. అదంతా ఒక్క కదురు మీద, ఆడవాళ్ల చేతుల్లోంచి.

గాంధీగారు ఈ ఊరి నూలు గురించి విని కొడుకు దేవదాస్ గాంధీని చూసి రమ్మని పంపారు. ఇక్కడి ఖాదీ సంఘం 1949లో పెట్టారు. అక్కినేని నాగేశ్వరరావుగారు కట్టిన పొందూరు పంచెల గురించి మా ఊళ్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లు మగ్గం దగ్గర ఫోటోలు దిగుతారు, అది మంచిదే, నేతగాడి కష్టం తక్కువేమీ కాదు. కానీ ఈ అరుగు దగ్గర ఎవరూ ఆగరు. పంచె ధర విని అమ్మో అనేవాళ్లని ఒక్క పూట అత్త పక్కన కూర్చోబెట్టాలని ఉంటుంది నాకు.

దవడ నా చేతికిచ్చింది. గంటసేపు దువ్వితే పిడికెడు పత్తి అయింది. అత్త ఏమీ అనకుండా దాన్ని తీసుకుని మళ్లీ మొదటినుంచి దువ్వింది. ఆమె ఇద్దరు కోడళ్లూ ఈ పని నేర్చుకోలేదు. నేనూ నేర్చుకోలేదు కాబట్టి వాళ్లని ఏమనగలను? కూలి చూస్తే వాళ్లు చేసిందే సరైన పని అనిపిస్తుంది. దువ్వే చెయ్యి ఆగిపోతే మగ్గం మీదకి వచ్చేది మిల్లు నూలే, షాపులో నాకు అంటగట్టింది అదే.

వెళ్లే ముందు అత్త వడికిన చిలపలు, అంటే నూలు చుట్టలు, చూపించి, ఇవి సంఘానికి పోతాయి, నువ్వు అక్కడే పంచె కొను అంది. ఏ అంచు కావాలని నాన్నకి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు.

"సన్న ఎర్రంచు ఉంటే సూడమ్మా. మీ మామ్మకి అదే ఇష్టం."