దండెం మీద మూడు బనియన్లు

విశాఖలో మే నెలలో చెమట పట్టనిదెవరికి? అందుకే మా తమ్ముడు రాత్రిళ్లు తడిసిపోతున్నా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. తెల్లవారకముందే లేచి తడి బనియన్లు పిండి మేడ మీద ఆరేసేవాడు. ఒకరోజు దండెం మీద మూడు కనిపించాయి. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రెండేళ్ల కిందట వాడికి హాజ్కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్, బయటపడింది కూడా ఈ చెమటలతోనే. 6 సైకిళ్ల కీమోతో తగ్గింది, గండం గడిచిందనుకున్నాం.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"నెల అవుతోందక్కా. నీకు డీఎస్సీ పరీక్ష ఉంది కదా అని..."

పెట్ స్కాన్‌లో ఛాతీలో గడ్డలు వెలిగాయి. వెంటనే మందు మొదలుపెట్టమని బతిమాలాను. టీబీ అయినా స్కాన్‌లో అలాగే వెలుగుతుంది, మళ్లీ బయాప్సీ చేయకుండా మొదలుపెట్టను అన్నారు డాక్టరుగారు. ఆ రిపోర్టు వచ్చేదాకా, మా తమ్ముడికి టీబీ అయ్యుండాలని సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను. ఏ అక్కయినా అలా మొక్కుకుంటుందా!

టీబీ కాదు.

ఈసారి వేరే రకం కీమో. అది పనిచేశాక వాడి రక్తంలోంచే మెషిన్‌తో కొత్త రక్తకణాలను పుట్టించే మూలకణాలు తీసి దాచారు. తర్వాత పెద్ద డోసు మందులిచ్చి, ఆ కణాలను మళ్లీ సెలైన్‌లా ఎక్కించారు. ట్రాన్స్‌ప్లాంట్ అంటే ఆపరేషన్ అనుకుని అమ్మ అంతకుముందు వారం నిద్రపోలేదు. ఆ పెద్ద డోసు మందుల్లో ఒకటైన మెల్ఫలాన్ ఎక్కుతున్నంతసేపూ నోట్లో ఐసు ముక్కలు ఉంచుకోమన్నారు, పుళ్లు తగ్గుతాయని. కప్పులో ఐసు అయిపోకుండా చూడటం నా పని. అయినా పుళ్లు వచ్చాయి. గుక్కెడు జావ మింగడానికి పావుగంట పట్టేది.

"ఏం కాదులేరా" అన్నాను ఒక రాత్రి.

"అలా అనకక్కా. నువ్వలా అంటే నాకు దాచుకోవాలనిపిస్తుంది."

ఆ తర్వాత ఆ మాట అనలేదు. భయంగా ఉందంటే "నాక్కూడా" అన్నాను. ఇద్దరం ఏడ్చాం, వాడు నిద్రపోయాడు.

కణాలు ఎక్కించిన 12వ రోజు, ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు న్యూట్రోఫిల్స్ 500 దాటాయి, అంటే ఎక్కించిన కణాలు పనిచేయడం మొదలుపెట్టాయి. నర్సమ్మ కాగితం చూపించినప్పుడు ఆ అంకెను వేలితో తడిమి చూశాను. ఇంటికొచ్చాక కొన్ని నెలలకు, పాత టీకాల రక్షణ ఈ చికిత్సతో పోతుందని, చిన్నపిల్లల టీకాలన్నీ వాడికి మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు పొద్దున్నే, బండ్లు రానివ్వని వేళలో, బీచ్ రోడ్డులో మెల్లగా నడుస్తాం.

మొన్న నేను లేచేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"అక్కా, బనియన్ తడిసింది. రాత్రి రెండింటికి కరెంటు పోయింది, అందుకే అనుకుంటున్నా. నువ్వే ఒకసారి దిండు చూడు."

చూశాను. పొడిగా ఉంది.