వన్‌టౌన్‌లో హెరిటేజ్ వాక్‌కి వెళ్లొచ్చాం

ముందే చెప్పేస్తున్నా, నేను పుట్టి పెరిగింది వైజాగ్‌లోనే కానీ వన్‌టౌన్, అంటే మా పాత ఊరు, అందులో నాకు తెలిసింది బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి ఒక్కటే. అదీ మార్గశిరం గురువారాలు వెళ్లడం, లైన్లో నిలబడడం, వచ్చేయడం. మొన్న మా ఆడపడుచు పిల్లలతో హైదరాబాద్ నుంచి దిగింది, బీచ్ రోడ్డు, కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి అన్నీ రెండ్రోజుల్లో అయిపోయాయి, ఇక "ఇంకేటున్నాయి వదినా మీ ఊళ్లో" అంది. చురుక్కుమంది నాకు. వాట్సాప్‌లో ఎవరో పెట్టిన హెరిటేజ్ వాక్ (పాత కట్టడాలు నడుస్తూ చూడడం) మెసేజ్ చూసి అత్తయ్యగారితో కలిపి ఐదుగురి పేర్లూ ఇచ్చేశా.

"పాత పోస్టాఫీసు దగ్గర ఉదయం ఆరున్నర" అని రాశారు. అక్కడికెళ్లాక తెలిసింది, అక్కడి వాళ్లకి పాత పోస్టాఫీసు అంటే బిల్డింగ్ కాదు, మొత్తం ఏరియా. గైడు "నేనిక్కడే ఉన్నానండీ" అంటాడు, మేమూ "ఇక్కడే ఉన్నామండీ" అంటాం, ఇలా ఇరవై నిమిషాలు. మీరు వెళ్తే పక్కన ఏ షాపు ఉందో ముందే అడిగి పెట్టుకోండి.

మొదట రాణి బొమ్మ. 1904లో పెట్టిన విక్టోరియా రాణి విగ్రహం, క్వీన్ మేరీస్ స్కూల్ దగ్గర. ఆవిడ పోయింది 1901లో అని గైడు చెప్తే మా అత్తయ్యగారు "పోయాక బొమ్మలు పెట్టడం అప్పటి నుంచే ఉందన్నమాట" అన్నారు. తర్వాత బొబ్బిలి రాజావారి డబ్బుతో కట్టిన టౌన్‌హాల్, రాతి కట్టడం, బయటి నుంచే చూశాం. కురుపాం మార్కెట్‌కి వచ్చేసరికి బంగారం షాపులన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. మార్కెట్ చూపిస్తామని చెప్పి పొద్దున్నే తీసుకెళ్తే ఏం చూస్తాం చెప్పండి, నాకు నచ్చని విషయం ఇదొక్కటే. మార్కెట్ ఆర్చ్ చూసి, ఫోటో తీసుకుని నడిచాం.

బురుజుపేటలో మాత్రం నేను ఏళ్లుగా వెళ్తున్న గుడినే కొత్తగా చూశా. అమ్మవారు 1912లో బావిలో దొరికిందని చెప్తారు, గర్భగుడికి పైకప్పు లేదు, ఎవరైనా వెళ్లి స్వయంగా అభిషేకం చేసుకోవచ్చు. ఆ రోజు జనం తక్కువ. పసుపు నీళ్లు పడీ పడీ నేలంతా జారుతోంది, మా చిన్నోడు చెంబు పట్టుకుని భయం భయంగా నీళ్లు పోస్తుంటే వెనక నిలబడ్డ ఒకావిడ "గబగబా పొయ్యి నాన్నా, అమ్మకేం కాదు" అంది. పిల్లలకి బాగా గుర్తుండిపోయింది అదే.

చివర్లో రాస్ హిల్. పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకన్న గుడి. రాస్ అనే దొర 1864లో ఇల్లు కట్టుకుంటే ఆ పేరే ఉండిపోయింది. అత్తయ్యగారు సగం దాకా ఎక్కి కూర్చుండిపోయారు, మోకాళ్లు బాగోలేని వాళ్లని ఈ కొండ దాకా లాగకండి. పైనుంచి మాత్రం ఓడలొచ్చే చానెల్ కాళ్ల కిందే ఉన్నట్టుంటుంది, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ. 1933లో పోర్టు మొదలైంది, జలదుర్గ అనే ఓడ మొదట వచ్చింది, అలల తాకిడి ఆపడానికి అప్పట్లో రెండు పాత ఓడల్ని కావాలనే ముంచేశారని గైడు చెప్పేసరికి పిల్లలిద్దరూ "ఎక్కడ, ఎక్కడ" అని రెయిలింగ్ పట్టుకుని వేలాడారు. దిగమంటే దిగరు.

తొమ్మిదిన్నరకి అయిపోయింది, ఇడ్లీ తిని ఇంటికొచ్చి పడుకున్నాం. సాయంత్రం ఆడపడుచే "వదినా, ఆ మార్కెట్ తెరిచుంటారేమో" అంది. మళ్లీ వెళ్లాం. అత్తయ్యగారి దుద్దుకి శీల లూజైపోయి నెల రోజులైంది, మా ఇంటి దగ్గర షాపులో అడిగితే జత మార్చుకోండమ్మా అన్నారు. ఇక్కడ సందులో ఓ పెద్దాయన బల్ల మీద దీపం దగ్గరికి లాక్కుని, పట్టకారుతో నొక్కి, ఊదుగొట్టంతో రెండుసార్లు ఊది ఇచ్చేశాడు. యాభై రూపాయలు.