గెంతితే కరెంటు

బ్రిటిష్ రాక్ సంగీత బృందం కోల్డ్‌ప్లే కచేరీ మత్తు ఇంకా దిగలేదు. వేల చేతులకున్న ఎల్‌ఈడీ బ్యాండ్లు ఒక్కసారిగా పసుపు రంగులోకి మారేసరికి, ముక్కూమొహం తెలియని పక్క అమ్మాయి నా భుజం పట్టుకుని ఏడ్చేసింది. నాకూ గొంతు పోయింది.

పర్యావరణానికి హాని తగ్గించే దారి దొరికేదాకా టూర్‌కి వెళ్లమని 2019లో చెప్పి, 2022లోగానీ మళ్లీ టూర్ మొదలుపెట్టలేదు వీళ్లు. జనం గెంతితే కరెంటు పుట్టే నేల, తొక్కితే బ్యాటరీ నిండే సైకిళ్లు పెట్టారు. నేనూ ఎక్కాను, ఆయాసమే ఎక్కువ! 2016-17 టూర్‌తో పోలిస్తే ఒక్కో షోకి కార్బన్ ఉద్గారాలు 59 శాతం తగ్గాయని 2024లో ఆ బృందమే ప్రకటించింది. విమానాలెక్కి వచ్చిన మనలాంటివాళ్ల ప్రయాణాలు అందులో కలపలేదులెండి.

వెళ్లేటప్పుడు చేతి బ్యాండ్లు తిరిగిచ్చేయాలి. ఒకడు జేబులో వేసుకోబోతే వెనకున్న అభిమానులే గోల చేసి డబ్బాలో వేయించారు.