12 ఎకరాల ప్రయోగం 190 ఎకరాలు అడిగినప్పుడు

టొరంటోలో సరస్సు ఒడ్డున కీసైడ్ అని 12 ఎకరాల స్థలం ఉంది. 2017 అక్టోబర్‌లో, ఆ ఒడ్డు అభివృద్ధి చూసే ప్రభుత్వ సంస్థ వాటర్‌ఫ్రంట్ టొరంటో, అక్కడ కొత్త తరహా పేటకి ప్లాన్ వేయడానికి గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన సైడ్‌వాక్ ల్యాబ్స్‌ను ఎంచుకుంది. ఆ ప్రకటనకి అప్పటి కెనడా ప్రధాని ట్రూడో కూడా వచ్చారు. కలపతో ఎత్తయిన భవనాలు, భూమి కింద చెత్త తీసుకెళ్ళే గొట్టాలు, అడుగడుగునా సెన్సర్లు. నాకు భలే నచ్చింది.

రోడ్డు మీద జనాన్నీ బండ్లనీ లెక్కపెట్టే సెన్సర్లకి సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. ఏ కొత్త పద్ధతినైనా ఊరంతా పెట్టేముందు చిన్న ప్రాంతంలో పరీక్షించి తీరాలని నమ్ముతాను. లేక్‌షోర్ బులవార్డ్‌లో వాళ్ళు తెరిచిన 307 వర్క్‌షాప్‌కి మా అబ్బాయిని తీసుకెళ్ళాను. ఆరు మూలల పలకలు నేలమీద పరిచి, వాటిలో లైట్లు పెట్టి, ఒకే దారిని కాసేపు కార్లకీ కాసేపు మనుషులకీ ఎలా మార్చొచ్చో చూపించారు. వాడు ఆ పలకల మీద గెంతుతూ ఇంటికి రానన్నాడు.

2018 అక్టోబర్‌లో టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రానికి మాజీ ప్రైవసీ కమిషనర్ ఆన్ కవూకియన్ ఆ ప్రాజెక్టు సలహాదారు పదవికి రాజీనామా చేశారు. సమాచారం తీసుకున్న చోటే మనిషి ఆనవాళ్ళు చెరిపెయ్యాలని ఆమె పట్టుబట్టారు. మేం చెరుపుతాం కానీ అక్కడికొచ్చే మిగతా కంపెనీల చేత చేయిస్తామని హామీ ఇవ్వలేం అన్నారు సైడ్‌వాక్ వాళ్ళు.

ఇది చిన్న తేడా కాదు. కూడలిలో ఓ కెమెరా ఉందనుకోండి. మనకి కావలసింది ఎంతమంది రోడ్డు దాటారన్న అంకె. కెమెరా డబ్బాలోనే లెక్క కట్టి, బొమ్మని అక్కడే చెరిపేస్తే బయటికొచ్చేది ఆ అంకె ఒక్కటే. ముందు సర్వర్‌కి పంపి తర్వాత చెరుపుతామంటే, ఈలోగా మన మొహం ఎక్కడెక్కడ కాపీ అయిందో మనకి తెలిసే దారి లేదు. ఫోన్‌లో యాప్ అడిగితే వద్దని నొక్కొచ్చు. రోడ్డు దాటేటప్పుడు ఎక్కడ నొక్కుతాం?

2019 జూన్‌లో 1,500 పేజీలు దాటిన ప్లాన్ వచ్చింది. అందులో ప్రయోగం 190 ఎకరాలకి పెరిగింది! కీసైడ్‌లో ఒక్క ఇల్లు కట్టలేదు, ఒక్క ఫలితం చూపించలేదు. అక్కడే నా మద్దతు పోయింది. పరీక్ష పెట్టకముందే హద్దు పెరిగితే అది పరీక్ష కాదు. జనం గట్టిగా అడిగాక ఆ అక్టోబర్ చివరికి మళ్ళీ 12 ఎకరాలకి తగ్గింది. 2020 మే 7న, కోవిడ్ రోజుల్లో, ఆర్థిక అనిశ్చితి కారణమని చెప్పి సైడ్‌వాక్ తప్పుకుంది.

మాది కాకినాడ. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ సిటీల్లో మా ఊరు ఉంది. కూడళ్ళలో కెమెరాల గురించి నాన్న ఫోన్‌లో చెబుతుంటే, ఆ వీడియో ఎన్నాళ్ళు ఉంచుతారో కనుక్కోమన్నాను. "ఎవర్ని అడగాలమ్మా?" అన్నారు.

ఏ సెన్సర్, ఏం తీసుకుంటుంది, ఎవరిని అడగాలి అని స్తంభం మీద రాసిపెట్టొచ్చు. అందుకు కావలసిన గుర్తుల్ని 2019లో సైడ్‌వాక్ వాళ్ళే మొదలుపెట్టారు, అది వాళ్ళు చేసిన మంచిపని. మీ ఊళ్ళో అలాంటి బోర్డు ఎక్కడైనా కనిపిస్తే ఫోటో పంపండి, నాన్నకి చూపిస్తాను.